కోడ్ మారలేదు, మరి ఇన్‌స్టాల్ ఎందుకు ఆగింది? పైథాన్‌లో పాత ప్యాకేజీ రూపాలకు ఒక్కొక్కటిగా మూసుకున్న తలుపులు

రెండేళ్ల కిందట చక్కగా నడిచిన ప్రాజెక్టు. కావలసిన ప్యాకేజీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ఒక్క అక్షరం మారలేదు. కొత్త మెషీన్‌లో పైథాన్ 3.12 వేసి అదే ఫైల్‌ని, ప్యాకేజీలు తెచ్చి పెట్టే పిప్‌కి ఇస్తే తెర నిండా ఎర్రక్షరాలు. యాభై అరవై లైన్లు దాటాక అడుగున తేలేది ఒక్క ముక్క: పీకేజీయుటిల్ మాడ్యూల్లో ఇంప్‌ఇంపోర్టర్ అనేదే లేదు. మనం అడిగిందేమో లెక్కల లైబ్రరీ నమ్‌పై 1.24. దానికీ ఈ ఇంప్‌ఇంపోర్టర్‌కీ ఏం సంబంధమో ఆ ఎర్రర్ చెప్పదు. చాలామంది ఇక్కడే పైథాన్‌ని తీసేసి మళ్లీ వేస్తారు. మళ్లీ అదే వస్తుంది.

పొరలు విప్పి చూస్తే సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. నమ్‌పై 1.24 విడుదలైన నాటికి పైథాన్ 3.12 ఇంకా పుట్టలేదు. అందుకని 3.12కి సరిపడే వీల్, అంటే ముందే కంపైల్ చేసి సిద్ధంగా ఉంచిన ప్యాకేజీ, ప్యాకేజీల గోదాము పైపీఐలో లేదు. వీల్ దొరక్కపోతే పిప్ ఊరుకోదు. సోర్స్ ఆర్కైవ్‌ని దించుకుని మన మెషీన్‌లోనే బిల్డ్ చేయబోతుంది. ఆ ఆర్కైవ్‌లో ఉన్న పైప్రాజెక్ట్ అనే సెట్టింగుల ఫైల్, తనను బిల్డ్ చేయడానికి సెటప్‌టూల్స్ అనే పనిముట్టు 59.2.0 వెర్షన్ మాత్రమే కావాలని రాసుకుంది. పిప్ బుద్ధిగా దాన్నే తెచ్చింది. ఆ పాత సెటప్‌టూల్స్ ఇంప్‌ఇంపోర్టర్‌ని వెతికింది. పైథాన్ 3.12 దాన్ని ఎప్పుడో తీసేసింది. అంతే, బిల్డ్ అక్కడ కూలింది. నమ్‌పై కోడ్‌లో ఒక్క లైను కూడా కంపైల్ కాకముందే.

మందు కూడా అంతే తేలిక. 3.12కి వీల్ ఉన్న మొదటి నమ్‌పై 1.26. దానికి మారాలి, లేదంటే పైథాన్ 3.11కి వెనక్కి వెళ్లాలి. మిగతా ప్రయత్నాలన్నీ వృథా శ్రమ.

ఈ ఒక్క ఉదాహరణలోనే అసలు విషయమంతా ఉంది. "పాత ఫార్మాట్‌కి సపోర్ట్ తీసేశారు" అని వార్తలో ఒక్క వాక్యంగా చదువుతాం. నిజానికి తీసేసేవాళ్లు నలుగురు. ప్యాకేజీలు దాచే గోదాము పైపీఐ, వాటిని తెచ్చి పెట్టే పిప్, బిల్డ్ చేసే సెటప్‌టూల్స్, వీటన్నిటికీ కింద ఉన్న పైథాన్ భాష. నలుగురూ వేర్వేరు తేదీల్లో, వేర్వేరు కారణాలతో తలుపులు మూశారు. మన దగ్గర ఆగిపోయింది ఏ తలుపు దగ్గరో తెలిస్తే పని సగం అయినట్టే. తెలియకపోతే గోటితో పోయేదానికి గొడ్డలి పడతాం.

ఎగ్ అంటే ఏమిటి, వీల్ వచ్చి ఏం మార్చింది

పైథాన్‌లో ప్యాకేజీలను బిల్డ్ చేసే డిస్ట్‌యుటిల్స్ అనే లైబ్రరీ 2000లో భాషతో పాటే రావడం మొదలైంది. దాని పద్ధతి సూటిగా ఉండేది. ప్రతి ప్యాకేజీలో సెటప్.పై అనే స్క్రిప్టు ఉంటుంది, దాన్ని నడిపితే ఫైళ్లు వెళ్లి సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్‌లో కూర్చుంటాయి. డిపెండెన్సీలు, అంటే ఒక ప్యాకేజీ నడవడానికి కావలసిన వేరే ప్యాకేజీలు, అనే మాటే అందులో లేదు. 2004లో వచ్చిన సెటప్‌టూల్స్ ఆ లోటు పూడ్చింది. దానితో పాటే ఈజీ-ఇన్‌స్టాల్ అనే కమాండు, ఎగ్ అనే ఫైల్ రూపం వచ్చాయి. కొండచిలువ పెట్టే గుడ్డు అని ఆ పేరు.

ఎగ్ ఒక జిప్ ఫైల్. లోపల కోడు, దాని కంపైల్ అయిన రూపం, ఎగ్-ఇన్ఫో అనే ఫోల్డర్‌లో కొంత వివరం ఉంటాయి. జిప్ విప్పకుండానే పైథాన్ దాన్ని నేరుగా ఇంపోర్ట్ చేసుకోగలదు. అప్పటికి ఇది గొప్ప వెసులుబాటు. కానీ ఎగ్ అటు పంపిణీ చేసే పెట్టెగానూ ఇటు నడిచే కోడుగానూ రెండు పాత్రలూ వేసింది. చిక్కంతా అక్కడే. ఈజీ-ఇన్‌స్టాల్ ఒక్కో ఎగ్‌ని సైట్-ప్యాకేజెస్‌లో పడేసి, ఈజీ-ఇన్‌స్టాల్.పీటీహెచ్ అనే ఫైల్లో దాని దారి ఒక లైనుగా రాసేది. ఒకే ప్యాకేజీవి మూడు వెర్షన్లు పక్కపక్కనే పేరుకునేవి. ఏది ఇంపోర్ట్ అవుతుందన్నది ఆ ఫైల్లోని లైన్ల వరసను బట్టి ఉండేది. తీసేయడానికి కమాండే లేదు. 2008లో వచ్చిన పిప్, ఎగ్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయడం మొదటినుంచీ ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం సరైనదని తర్వాతి పదిహేనేళ్లు రుజువు చేశాయి.

డిస్ట్‌యుటిల్స్ పద్ధతి మిగిల్చిన గాయం ఒకటి ఇప్పటికీ సలుపుతూనే ఉంటుంది. ఉబుంటు సర్వర్‌లో పైయామల్ అనే ప్యాకేజీని పిప్‌తో అప్‌గ్రేడ్ చేయబోతే, ఇది డిస్ట్‌యుటిల్స్‌తో ఇన్‌స్టాల్ అయినది, దీని ఫైళ్లు ఏవేవో కచ్చితంగా తెలియదు కాబట్టి తీసేయలేను అని పిప్ చేతులెత్తేస్తుంది. అది మొండితనం కాదు. డిస్ట్‌యుటిల్స్ తన గుర్తుగా ఒకే ఒక్క ఎగ్-ఇన్ఫో ఫైల్ వదిలి వెళ్లేది, ఏయే ఫైళ్లు ఎక్కడ పెట్టిందో అందులో రాసేది కాదు. జాబితా లేకుండా తుడిచేస్తే సగం పోయి సగం మిగులుతుంది. కొందరు ఇగ్నోర్-ఇన్‌స్టాల్డ్ ఆప్షన్‌తో బలవంతంగా పైన ఇంకోటి వేస్తారు. అప్పుడు రెండు కాపీలు ఉంటాయి, ఆపరేటింగ్ సిస్టం తాలూకు పనిముట్లు ఏది పట్టుకుంటాయో చెప్పలేం. సిస్టం పైథాన్‌ని ముట్టకుండా, ప్రాజెక్టుకి విడిగా పెట్టుకునే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పని చేసుకోవడమే దీనికి సరైన దారి.

వీల్ ప్రమాణం 2013లో ఆమోదం పొందింది. ఇదీ జిప్ ఫైలే. తేడా లోపల ఉంది. ఒక వీల్‌ని విప్పి చూడండి: కోడ్ ఫోల్డర్ పక్కన డిస్ట్-ఇన్ఫో అనే ఫోల్డర్, అందులో మెటాడేటా, వీల్, రికార్డ్ అనే మూడు ముఖ్యమైన ఫైళ్లు. రికార్డ్‌లో ప్రతి ఫైల్‌కీ ఒక లైను. దారి, దాని షా256 హ్యాష్ (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే గుర్తు), బైట్లలో సైజు. అన్‌ఇన్‌స్టాల్ అంటే ఈ జాబితా చదివి తుడవడమే. ఫైల్ పేరులోనే ఏ పైథాన్‌కి, ఏ ఏబీఐకి (కంపైల్ అయిన కోడు పైథాన్‌తో కలిసే పద్ధతి), ఏ ప్లాట్‌ఫారానికి అన్నది ఉంటుంది. సీపీ312 అని ఉంటే సీపైథాన్ 3.12కి, పీవై3-నన్-ఎనీ అని ఉంటే పైథాన్ 3 నడిచే ఎక్కడికైనా. మెటాడేటాలో డిపెండెన్సీలు మామూలు అక్షరాల్లో ఉంటాయి, వాటిని తెలుసుకోడానికి ఏ కోడూ నడపనక్కర్లేదు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. సోర్స్ ఆర్కైవ్‌లోని సెటప్.పై ఒక ప్రోగ్రాం. ఈ ప్యాకేజీకి ఏమేం కావాలి అన్న చిన్న ప్రశ్నకి జవాబు రాబట్టాలన్నా దాన్ని నడపాలి. సూడోతో పిప్‌ని నడిపితే, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసిన స్క్రిప్టు రూట్ అధికారంతో మన సర్వర్ మీద నడిచినట్టే. వీల్‌ని ఇన్‌స్టాల్ చేయడం అంటే జిప్ విప్పి ఫైళ్లు సర్దడం, అంతే. పాత రూపాల్ని వదిలించుకోవాలన్న తపన వెనక ఉన్న బలమైన కారణం ఇది. కొత్తదనం మీద మోజు అనుకుంటే పొరపాటు.

ఏ తలుపు ఎప్పుడు మూసుకుంది

పైపీఐ 2023 ఆగస్టు 1 తర్వాత కొత్త ఎగ్ ఫైళ్ల అప్‌లోడ్ ఆపేసింది. అప్పటికే ఉన్నవాటిని తీసేయలేదు. గోదాము చేసే పనిలో ఇది అన్నిటికన్నా మృదువైన పద్ధతి: లోపలికి రానివ్వదు, ఉన్నదాన్ని బయటికి గెంటదు. అప్‌లోడ్ చేసే కొద్దిమందికి తప్ప ఇంకెవరికీ తెలియనైనా తెలియలేదు.

పైథాన్ భాష తన వంతుగా డిస్ట్‌యుటిల్స్‌ని 3.10లో వద్దని ప్రకటించి, 2023 అక్టోబర్‌లో వచ్చిన 3.12లో తీసేసింది. అదే 3.12లో ఇంకో మార్పు జరిగింది, దాన్ని తక్కువమంది గమనించారు. అంతకుముందు కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారు చేస్తే అందులో పిప్‌తో పాటు సెటప్‌టూల్స్ కూడా వచ్చేది. 3.12 నుంచి రాదు. అందుకే పీకేజీ-రిసోర్సెస్ అనే మాడ్యూల్ దొరకలేదనో, డిస్ట్‌యుటిల్స్ లేదనో ఎర్రర్లు వస్తాయి. సెటప్‌టూల్స్‌ని చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే డిస్ట్‌యుటిల్స్ ఎర్రర్ మాయమవుతుంది, ఎందుకంటే సెటప్‌టూల్స్ తన కడుపులో డిస్ట్‌యుటిల్స్ కాపీ ఒకటి దాచుకుని, ఇంపోర్ట్ అడిగినప్పుడు అది అందిస్తుంది. పీకేజీ-రిసోర్సెస్ విషయంలో మాత్రం ఈ చిట్కా మీద ఆధారపడొద్దు. చాన్నాళ్లు హెచ్చరించాక సెటప్‌టూల్స్ దాన్ని కూడా 2026లో, 82వ వెర్షన్‌లో తీసేసింది. ఇంపోర్ట్‌లిబ్‌లోని మెటాడేటా, రిసోర్సెస్ మాడ్యూళ్లకు కోడ్ మార్చుకోవడమే పని.

పిప్ మెట్లు మెట్లుగా దిగింది. 2023 ఏప్రిల్‌లోని 23.1లో సెటప్.పై ఇన్‌స్టాల్ పద్ధతి పోయింది. 2024 జూన్‌లోని 24.1లో ప్రమాణానికి లొంగని వెర్షన్ నంబర్లు, డిపెండెన్సీ రాతలు చెల్లకుండా పోయాయి. 2025 అక్టోబర్‌లోని 25.3లో సెటప్.పైని నేరుగా పిలిచే మిగిలిన దారులు కూడా మూసుకున్నాయి. ఇక బిల్డ్ అంతా పెప్ 517 అనే ప్రామాణిక పద్ధతిలోనే. కోడ్ మార్చినప్పుడల్లా మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేని ఎడిటబుల్ ఇన్‌స్టాల్ కావాలంటే సెటప్‌టూల్స్ కనీసం 64 ఉండాలి. ఏదైనా తీసేసే ముందు కనీసం ఆరు నెలలు హెచ్చరించాలన్నది పిప్ నియమం. ఆచరణలో ఇంకా ఎక్కువే ఆగుతారు. పాతగా ఇన్‌స్టాల్ అయి ఉన్న ఎగ్‌లు కనబడితే పిప్ ఇచ్చే హెచ్చరికలో గడువు మొదట 23.3 అని, తర్వాత 24.3 అని, ఆపై 25.1 అని జరుగుతూ వచ్చింది.

ఈజీ-ఇన్‌స్టాల్ కమాండుని సెటప్‌టూల్స్ 2025లో, 80వ వెర్షన్‌లో తొలగించింది. దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడలేదు. బాధపెట్టినవి వేరే ఉన్నాయి.

అసలు చిక్కు: ఎవరూ తాళం వేయని గది

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. "అన్ని వెర్షన్లూ డబుల్ ఈక్వల్ పెట్టి బిగించాను కదా, ఇంకేం మారుతుంది?" రిక్వైర్‌మెంట్స్ ఫైల్ బిగించేది నడిచే ప్యాకేజీలని. వాటిని బిల్డ్ చేసే పనిముట్లని అది బిగించదు.

సోర్స్ ఆర్కైవ్ ఒకటి పిప్ చేతికి వచ్చిందనుకోండి. పిప్ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో వేరే పర్యావరణం తయారు చేస్తుంది. మన ఎన్విరాన్‌మెంట్‌లో ఏమున్నాయో దానికి కనబడదు. పైప్రాజెక్ట్ ఫైల్లోని బిల్డ్-సిస్టం భాగం చదివి, అందులో చెప్పిన పనిముట్లు తెచ్చి అక్కడ వేస్తుంది. ఆ భాగమే లేకపోతే? అప్పుడు పిప్ తనంతట తానే ఒక మాట అనుకుంటుంది: సెటప్‌టూల్స్ 40.8.0 లేదా ఆపైన ఏదైనా సరే. పై హద్దు లేదు. అంటే ఈ క్షణాన పైపీఐలో ఉన్న తాజా సెటప్‌టూల్స్ వస్తుంది. 2016లో ఆగిపోయిన ప్యాకేజీని ఈ ఉదయం విడుదలైన సెటప్‌టూల్స్ బిల్డ్ చేయబోతుంది.

ఇదివరకు పరిస్థితి వేరు. పైప్రాజెక్ట్ ఫైల్ లేని ప్యాకేజీలకు పాత పిప్ మన ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న సెటప్‌టూల్స్‌నే వాడేది. పైథాన్ 3.11తో వచ్చేది 65.5.0. అది మారేది కాదు కాబట్టి బిల్డ్ కూడా మారేది కాదు. 3.12లో సెటప్‌టూల్స్ రావడం ఆగింది, పిప్ 25.3లో పాత దారి మూసుకుంది. ఈ రెంటితో కింద ఉన్న నేల కదిలింది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో చూడాలంటే మూడు సందర్భాలు చాలు. సెటప్‌టూల్స్ 58 వెర్షన్ 2021 సెప్టెంబర్‌లో యూజ్-2టు3 అనే సౌకర్యాన్ని తీసేసింది. పైథాన్ 2 కోడ్‌ని ఇన్‌స్టాల్ సమయంలోనే 3కి మార్చే పద్ధతి అది. రాత్రికి రాత్రే పదుల కొద్దీ పాత ప్యాకేజీలు "యూజ్-2టు3 చెల్లదు" అంటూ కూలాయి. 58కి ముందున్న సెటప్‌టూల్స్ వాడితే అవి నడుస్తాయి. కానీ అంత పాత సెటప్‌టూల్స్ పైథాన్ 3.12 మీద నడవదు, మొదట్లో చూసిన ఇంప్‌ఇంపోర్టర్ ఎర్రరే మళ్లీ వస్తుంది. అంటే పైథాన్ కూడా 3.11కి దిగాలి. ఒక మెట్టు దిగితే ఇంకో మెట్టు దిగాల్సి వస్తుంది, ఈ గొలుసుని ముందే లెక్కేసుకోవాలి.

రెండోది రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ లైబ్రరీ జిమ్ 0.21. స్టేబుల్-బేస్‌లైన్స్3 పాత వెర్షన్లు దాని మీద ఆధారపడ్డాయి కాబట్టి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ చదివే విద్యార్థులు ఇప్పటికీ దీనికి తగులుకుంటారు. దాని సెటప్.పైలో ఓపెన్‌సీవీ-పైథాన్ కావాల్సిన వెర్షన్ రాసేచోట 3 తర్వాత ఒక చుక్క అదనంగా పడింది, దాని తర్వాత ఏమీ లేదు. పాత సెటప్‌టూల్స్ ఆ చుక్కని పట్టించుకోలేదు. కొత్తది పట్టుకుంటుంది. ఎర్రర్ మాత్రం ఎక్స్‌ట్రాస్-రిక్వైర్ అనేది డిక్షనరీ కావాలి అంటూ ఎటో పోతుంది. సెటప్‌టూల్స్ 65.5.0, వీల్ 0.38.4, పిప్ 21 పెట్టుకోమని అందరూ చెప్పే చిట్కా దీనికే. పిప్‌ని కూడా ఎందుకు దించాలని చాలామందికి సందేహం. పాత పిప్ అయితేనే మనం బిగించిన సెటప్‌టూల్స్‌ని వాడుతుంది. కొత్త పిప్ తన తాత్కాలిక గదిలోకి తాజాది తెచ్చుకుంటుంది, మనం బయట బిగించింది దానికి కనబడదు. పైగా 24.1 నుంచి పిప్ కూడా ఆ చుక్కని ఒప్పుకోదు.

మూడోది 2025 మార్చిలో వచ్చిన సెటప్‌టూల్స్ 78. సెటప్.సీఎఫ్‌జీ ఫైల్లో డిస్క్రిప్షన్-ఫైల్ అని అడ్డగీతతో రాసిన పేర్లని అది తప్పుగా లెక్కగట్టింది, కింది గీతతోనే రాయాలంది. లెక్కలేనన్ని బిల్డ్‌లు ఆగిపోయాయి. వెంటనే 78.0.2 తెచ్చి ఆ మార్పుని వాయిదా వేయాల్సి వచ్చింది. విచారించాల్సింది ఏమిటంటే, హెచ్చరిక నాలుగేళ్లుగా ఉంది. ఎవరికీ కనబడలేదు, అంతే. బిల్డ్ సఫలమైతే దాని అవుట్‌పుట్‌ని పిప్ దాచేస్తుంది, వర్బోస్ ఆప్షన్ పెడితే తప్ప చూపించదు. కనబడని హెచ్చరికని హెచ్చరికగా లెక్కించకూడదని నా అభిప్రాయం. గడువు ఇచ్చామని చెప్పుకునే ముందు ఆ మాట చదవాల్సినవాళ్ల కళ్లకు చేరిందో లేదో చూసుకోవాలి.

పిప్ 24.1 చేసిన పద్ధతి దీనికన్నా మేలు. అది ప్యాకేజీని వద్దన్నప్పుడు ఏ వెర్షన్‌ని వదిలేస్తోందో, మెటాడేటాలో ఏ లైను తప్పో, ఆ లైనుని యథాతథంగా చూపిస్తుంది. ఈ వెర్షనే కావాలంటే 24.1కి ముందున్న పిప్ వాడుకోండి అని దారి కూడా చెబుతుంది. తప్పు ఎక్కడ, వెనక్కి వెళ్లే దారి ఎటు, రెండూ ఒకే చోట ఉన్నాయి.

ఒక నక్షత్రం గుర్తు కోసం

ఆ 24.1 తిరస్కరించిన వాటిలో ఎక్కువగా కనబడేది ఒమెగాకాన్ఫ్ అనే సెట్టింగుల లైబ్రరీ 2.0.6 వెర్షన్. దాని మెటాడేటాలో పైయామల్ 5.1.స్టార్ లేదా ఆపైన కావాలని ఉంది. స్టార్ అంటే ఆ వరసలో ఏదైనా అని. "సమానం", "సమానం కాదు" అనే గుర్తులతోనే దానికి అర్థముంటుంది. "లేదా ఆపైన" అన్నాక స్టార్ పెడితే ఏమీ కలవదు. రాసినవాళ్ల ఉద్దేశం 5.1 లేదా ఆపైన అనే. పాత పిప్ అలాగే అర్థం చేసుకుని ఊరుకుంది. పైటార్చ్-లైట్నింగ్ పాత వెర్షన్లలోనూ ఇదే తప్పు ఉంది. సెలరీ 4 వెర్షన్లలో ఇంకో రకం: పైటీజెడ్ వెర్షన్ డెవ్ కన్నా పెద్దది కావాలని రాశారు. డెవ్ అనేది వెర్షన్ నంబరే కాదు.

ఒమెగాకాన్ఫ్ 2.1లో తప్పు దిద్దారు. దానికి మారగలిగితే అక్కడితో సరి. కానీ ఫెయిర్‌సెక్ 0.12.2 వాడేవాళ్లు మారలేరు, అది 2.1 కన్నా తక్కువే కావాలంటుంది. పైపీఐలో ఒకసారి పెట్టిన ఫైల్‌ని అదే పేరుతో మార్చి పెట్టడం కుదరదు. కాబట్టి చాలామంది పిప్‌ని 24.0 దగ్గర ఆపేసి నెట్టుకొస్తారు. తాత్కాలికానికి ఫరవాలేదు. ఏళ్ల తరబడి అలా ఉండిపోతే పిప్‌లో తర్వాత వచ్చే భద్రతా సవరణలన్నీ వదులుకున్నట్టే.

ఇంకో దారి ఉంది, పావుగంట పని. ఆ వీల్‌ని మనమే దిద్దుకోవచ్చు. పిప్ డౌన్‌లోడ్ కమాండుతో తెచ్చుకోవాలంటే 24.0 కావాలి, లేదా పైపీఐ పేజీ నుంచి బ్రౌజర్‌తో నేరుగా దించుకోవచ్చు. వీల్ అనే ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, దాని అన్‌ప్యాక్ కమాండుతో విప్పండి. డిస్ట్-ఇన్ఫోలోని మెటాడేటా ఫైల్ మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. రిక్వైర్స్-డిస్ట్ అనే లైనులో స్టార్‌నీ దాని ముందున్న చుక్కనీ తీసేయండి. వెర్షన్ లైనులో 2.0.6 పక్కన ప్లస్ గుర్తు పెట్టి మీ గుర్తుగా ఒక పదం చేర్చండి, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే వాడాలి. డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ పేరులోనూ అదే వెర్షన్ రాయండి. తర్వాత వీల్ ప్యాక్ కమాండు ఇస్తే రికార్డ్ ఫైల్లోని హ్యాష్‌లన్నీ కొత్తగా లెక్కగట్టి ఫైల్‌ని మళ్లీ కట్టేస్తుంది. హ్యాష్‌లని చేత్తో దిద్దే పని పెట్టుకోవద్దు.

ప్లస్ గుర్తు ఎందుకంటే, అది స్థానిక సవరణ అని ప్రమాణమే చెబుతోంది. అడిగింది కచ్చితంగా 2.0.6 అయినా ఈ ఫైల్ సరిపోతుంది, 2.1 కన్నా తక్కువ అన్న షరతుకీ సరిపోతుంది, అసలు 2.0.6 కన్నా ఒక మెట్టు పైన లెక్క కాబట్టి ఫైండ్-లింక్స్‌తో ఫోల్డర్ చూపిస్తే పిప్ దీన్నే ఎంచుకుంటుంది. అదే పేరు, అదే వెర్షన్‌తో మార్చిన ఫైల్ పెడితే మాత్రం ఏది అసలో ఏది మార్చిందో ఆర్నెల్లకి మీకే తెలియదు.

ఎర్రర్ వచ్చినప్పుడు ఎక్కడినుంచి చూడాలి

ముందు తేల్చుకోవాల్సింది పిప్ తెచ్చింది వీలా, సోర్స్ ఆర్కైవా అన్నది. డౌన్‌లోడ్ లైనులో ఫైల్ పేరు చివర చూడండి. టార్.జీజెడ్ అని ఉంటే బిల్డ్ జరగబోతోంది. బిల్డ్ అక్కర్లేదనుకుంటే ఓన్లీ-బైనరీ ఆప్షన్‌కి రెండు వైపులా కోలన్లతో :ఆల్: అని ఇచ్చి నడపండి. అప్పుడు అరవై లైన్ల గందరగోళం బదులు సరిపోయే ఫైల్ లేదని ఒక్క లైనులో తేలిపోతుంది. నమ్‌పై, సైపై, పాండాస్ లాంటి వాటికి ఇది మొదటి పరీక్ష కావాలి. అవి మన మెషీన్‌లో బిల్డ్ కావడం మొదలైందంటేనే పైథాన్ వెర్షనో ప్యాకేజీ వెర్షనో తప్పు ఎంచుకున్నామని లెక్క.

బిల్డ్ తప్పదంటే, ఎర్రర్‌లో ఫైల్ దారుల్ని చూడండి. పిప్-బిల్డ్-ఎన్వ్ అనే మాట ఉన్న తాత్కాలిక ఫోల్డర్ కనబడితే తప్పు ఆ మూసిన గదిలో జరిగింది. అక్కడికి పాత సెటప్‌టూల్స్‌ని పంపాలి. ఒక ఫైల్లో సెటప్‌టూల్స్ 58 కన్నా తక్కువ అనో, 66 కన్నా తక్కువ అనో ఒక లైను రాసి, పిప్ 25.3 నుంచి ఉన్న బిల్డ్-కన్‌స్ట్రెయింట్ ఆప్షన్‌కి ఆ ఫైల్ ఇవ్వాలి. అంతకన్నా పాత పిప్‌లలో పిప్-కన్‌స్ట్రెయింట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి దాని దారి పెట్టాలి. కమాండులో మైనస్ సి అని ఇస్తే చాలదు. బిల్డ్ గదిలో పిప్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, దానికి కమాండు ఆప్షన్లు అందవు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మాత్రం అందుతుంది. ఈ ఒక్క తేడా తెలియక పోయే గంటలు తక్కువేమీ కావు.

ఎర్రర్‌లో నమ్‌పై లేదనో టార్చ్ లేదనో ఉండి, అవి మన ఎన్విరాన్‌మెంట్‌లో నిక్షేపంగా ఉంటే అది ఇంకో జబ్బు. ఆ ప్యాకేజీ సెటప్.పై మొదటి లైన్లలోనే నమ్‌పైని ఇంపోర్ట్ చేసుకుంటోంది, కానీ బిల్డ్‌కి అది కావాలని ఎక్కడా ప్రకటించలేదు. ఫ్లాష్-అటెన్షన్ లాంటివి టార్చ్‌ని ఇలాగే అడుగుతాయి. ముందు సెటప్‌టూల్స్, వీల్, నమ్‌పై లేదా టార్చ్ చేత్తో వేసుకుని, తర్వాత నో-బిల్డ్-ఐసొలేషన్ ఆప్షన్‌తో ఆ ప్యాకేజీని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. రెండింటినీ ఒకే కమాండులో ఇస్తే పనిచేయదు, ఎందుకంటే పిప్ అన్నిటి బిల్డ్ ముగించాకే ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది.

మీరే ప్యాకేజీ ప్రచురించేవాళ్లైతే సెటప్.పై పక్కన పైప్రాజెక్ట్ ఫైల్ ఒకటి పెట్టి, బిల్డ్-సిస్టం భాగంలో మీకు కావలసినవన్నీ రాయండి. హద్దులు ఎలా పెట్టాలన్నది నిజంగానే తెగని పేచీ. నమ్‌పై 1.24లా ఒకే వెర్షన్‌కి బిగిస్తే కొత్త పైథాన్ వచ్చినప్పుడు విరుగుతుంది, జిమ్‌లా వదిలేస్తే కొత్త సెటప్‌టూల్స్ వచ్చినప్పుడు విరుగుతుంది. కింది హద్దు మాత్రం పెట్టి, సపోర్ట్ చేసే ప్రతి పైథాన్‌కీ వీల్ కూడా అప్‌లోడ్ చేయడం నా ఓటు. వీల్ ఉంటే బిల్డ్ గదిలోకి ఎవరూ వెళ్లనక్కర్లేదు. మీది పూర్తిగా పైథాన్ కోడే అయితే ఒక్క వీల్ అందరికీ సరిపోతుంది. అది కూడా పెట్టకుండా సోర్స్ ఆర్కైవ్ ఒక్కటే పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, దానికి సమర్థన ఏదీ కనబడదు.

ఈ గొడవ పైథాన్‌కే పరిమితం కాదు. లినక్స్‌లోని ఆర్‌పీఎం 2025లో 6.0 వెర్షన్‌తో, ఇరవై ఏళ్లు దాటిన వీ3 రకం ప్యాకేజీల ఇన్‌స్టాల్‌ని ఆపేసింది. కానీ లోపలి వివరాలు చూడటానికీ, ఫైళ్లు బయటికి తీసుకోవడానికీ దారి ఉంచింది. ఎప్పుడో కంపెనీ మూతబడిన సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి బీరువాలో ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు విలువ తెలుస్తుంది. ఇన్‌స్టాల్ చేయడం వేరు, చదవగలగడం వేరు. మొదటిది ఆపినా రెండోది చాలాకాలం ఉంచాలి.

చివరగా, పాత ప్రాజెక్టు ఒకటి ఇంకా నడవాల్సి ఉంటే, అది నడుస్తున్న ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. పిప్ వీల్ కమాండుకి రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఇచ్చి, డిపెండెన్సీలన్నిటినీ వీల్‌లుగా ఒక ఫోల్డర్‌లోకి మార్చి పెట్టుకోండి. సోర్స్ మాత్రమే ఉన్నవి ఈ ఒక్కసారికి బిల్డ్ అయి వీల్ అవుతాయి. ఇకమీద ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఆప్షన్లతో ఆ ఫోల్డర్ నుంచే తీసుకోండి. సెటప్‌టూల్స్ ఎన్ని వెర్షన్లు మారినా దానికి పట్టదు. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. మన దగ్గర బిల్డ్ అయిన వీల్ పేరులో లినక్స్ అని మాత్రమే ఉంటుంది, అది బిల్డ్ చేసిన మెషీన్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీకి ముడిపడి ఉంటుంది. కొత్త ఉబుంటు మీద కట్టినది పాత సర్వర్ మీద లోడ్ కాకపోవచ్చు, అందుకని వాడబోయే వాటిలో అన్నిటికన్నా పాత సిస్టం మీద బిల్డ్ చేయాలి. సీపీ39-సీపీ39 అని పేరున్న వీల్ పైథాన్ 3.9కి తప్ప ఎక్కదు కాబట్టి, వీల్‌ల ఫోల్డర్‌తో పాటు ఆ పైథాన్ ఉన్న కంటైనర్ ఇమేజ్‌ని కూడా మీ సొంత రిజిస్ట్రీలో దాచండి.